కొర్రపొట్టు అడిగిన దారి

కొండ కింది ఊట ఆగిపోయిన నాడు ప్రకాశం కడపలో ఉన్నాడు. తిరిగొచ్చేసరికి ఊట నీళ్లు పడే రాతితొట్టి అడుగున పాచి ఎండి పెచ్చులు లేస్తోంది. ఆడవాళ్లు ఖాళీ కడవలతో పక్క ఊరి దారి పట్టారు.

బడి ఉద్యోగం వదిలి, సేవాసంఘం పత్రికకు నీళ్ల గురించీ అడవి గురించీ రాయడమే ఆయన పనిగా పెట్టుకున్నాడు. ఆయన రాతల వల్ల పూడిపోయిన కుంటలు కొన్ని బాగుపడ్డాయి కూడా. ఈ ఊట సంగతిలో ఆయనకు సందేహమే కలగలేదు. బేతంచెర్ల దారిలో బండల గని ఉంది. అక్కడి పేలుళ్లకే ఊట చచ్చిందని రాశాడు. అది అచ్చయింది.

ఆ తర్వాత ఒకనాడు, చనిపోయిన భార్య ఏసుమణి చేటను దులిపి అటక మీద పెడుతుంటే, సందుల్లోంచి కొర్రపొట్టు రాలింది. ఆమె అడిగిన మాట గుర్తొచ్చింది. ఆమె బతికున్నప్పుడు ఒకసారి, కొండ మీది చేనులో కొర్రలు తూర్పారబట్టిన మర్నాడు, కింద ఊటలో ముంచిన కడవలో పొట్టు తేలింది.

“పైన వంకలో పడిన పొట్టు ఈడికెట్ల వచ్చెనబ్బా? కనుక్కోరాదా,” అంది ఆమె.

“చూద్దాంలే,” అన్నాడు, రాసుకుంటూ.

చేటలోంచి పొట్టు రాలిన మర్నాడు పొద్దున్నే గోనెసంచిలో పొట్టు నింపుకొని కొండెక్కాడు. వంక నీళ్ల వెంబడే నడిచాడు. నీళ్లు ఒకచోట అడ్డంగా తిరిగి రాళ్లలోకి చెదిరిపోతున్నాయి. ఆ మలుపులో బండలు ఒద్దికగా పరిచి ఉన్నాయి. సందులు బంకమన్నుతో మెత్తి ఉన్నాయి.

“ఏమయ్యోరా, సంచేసుకొని యాడికి పోతాండావు?” మేకలు తోలుకొస్తున్న గిడ్డమ్మ పలకరించింది.

“ఈ బండలు ఎవరు పరిచినారు గిడ్డమ్మా?”

“మేమే. ఈడ పెద్ద బొక్క ఉండాది. మేకపిల్లలు పడి సచ్చినాయి. మావోళ్లంతా కలిసి గని కాడ పారేసిన బండలు తెచ్చి మూసినాము.”

“ఎప్పుడు?”

“నువ్వు కడపకు పోయినప్పుడే.”

ప్రకాశం సంచి దించాడు. “నాకు చెప్పలేదేం?”

“నువ్వు అడిగితే గదా. గనోళ్లే ఊటను సంపినారని రాసినావంట. మా మారెన్న సదివినాడు. శానా బాగుండాదన్నాడు.”

ఇద్దరూ కలిసి అంచున ఉన్న ఒక బండను పక్కకు జరిపారు. నీళ్లు గుడగుడమని లోపలికి జారాయి. ప్రకాశం పొట్టు కుమ్మరించాడు. మర్నాడు తొట్టి దగ్గరే కూర్చున్నాడు. ఎండ ఎక్కేవేళకు సన్నటి ధార వచ్చింది. దాని మీద పొట్టు తేలుతూ వచ్చింది. దోసిట్లో పట్టి చాలాసేపు చూశాడు. చూపించడానికి ఇంట్లో ఎవరూ లేరు.

మిగతా బండలు తీస్తే ఊట మునుపటిలా పారుతుంది. కానీ బొక్క చుట్టూ గోడ లేనిదే తియ్యనివ్వబోమని మేకలవాళ్లు అన్నారు. పారేసిన బండలు గోడకు పనికిరావు, కట్టుడు రాయి గనివాళ్లే ఇవ్వాలి. తాను రాసింది తప్పని పత్రికకు రాసి పంపాడు ప్రకాశం. రాయి అడగడానికి గనికి మాత్రం ఇంకా పోలేదు.