జెండా డబ్బా అడుగున పేరు

నా భర్త లైల్ చనిపోయిన రోజు ఉదయం అతని ఫోను మోగింది. శవాన్ని ఇంకా తీసుకుపోలేదు. మంచం పక్కన ఆక్సిజన్ యంత్రాన్ని అప్పుడే ఆపాను. ఏళ్ళ తరబడి ఆ రొదకు అలవాటుపడ్డ ఇంట్లో ఫోను మోత మరీ గట్టిగా వినిపించింది.

"మాజీ సైనికుల ఆసుపత్రి నుంచి మాట్లాడుతున్నాం. మిస్టర్ హాస్టెట్లర్ ఉన్నారా? ఆయన ఊపిరితిత్తుల పరీక్షకు అనుమతి వచ్చింది మేడమ్. వచ్చే నెలలో రావచ్చు."

"ఆయన చనిపోయారు. ఇందాకే."

అవతల కీబోర్డు టకటకలాడింది. "అయ్యో, సారీ మేడమ్. అయితే అపాయింట్‌మెంట్ రద్దు చేయమంటారా?"

"చేయండి. మీ పేరేమిటి?"

"పేర్లు చెప్పకూడదు మేడమ్. ఇంకేమైనా సాయం కావాలా?"

అక్కర్లేదన్నాను.

ఇరాక్‌లో సైనికుడిగా ఉన్నప్పుడు నా భర్త చెత్త తగలబెట్టే గోతుల పక్కన కాపలా కాసేవాడు. ప్లాస్టిక్, బ్యాటరీలు, పాత మందులు, అన్నీ ఆ మంటలోనే. జీవితంలో సిగరెట్టు ముట్టని మనిషి నలభై దాటగానే మెట్లెక్కలేకపోయాడు. ఈ జబ్బు సైన్యంలో పనిచేయడం వల్ల వచ్చిందని ప్రభుత్వం ఒక్క మాట చెప్పాలని అడిగాడు. అంతకు మించి ఏమీ కోరలేదు. ఆ ఫైలు ఫెడరల్ ఆఫీసులో నాలుగేళ్ళు 'పరిశీలనలో' ఉంది. ఏ బల్ల మీద, ఎవరి ముందు ఉందని అడిగితే, అలా ఒక బల్లంటూ ఉండదన్నారు. అతను చనిపోగానే ఫైలు మూసేశారు. ఆ పని మాత్రం అదే వారంలో అయిపోయింది.

మా ఒహాయో నది ఒడ్డు ఊళ్ళలో ఎవరైనా పోతే పొరుగువాళ్ళు వండి తెస్తారు. నూడుల్స్‌తో ట్యూనా చేప, బంగాళాదుంపల మీద చీజ్, బీన్స్. ప్రతి గిన్నె అడుగునా ఒక టేపు ముక్క, దాని మీద పేరు. గిన్నె ఎవరిదో తెలియాలి, కడిగి తిరిగి ఇవ్వాలి. ఇది ఎవరూ ఎవరికీ నేర్పరు. అందరికీ తెలుసు.

ఖననానికి ముందు రోజు ఆ గిన్నెల మధ్యకే మరో డబ్బా వచ్చింది. తెచ్చిన అమ్మాయి కెల్సీ, ఒకప్పుడు నా విద్యార్థిని, ఇప్పుడు వాషింగ్టన్‌లోని కాంగ్రెస్ సభలో మా ప్రతినిధి గార్లండ్ ప్రూయిట్ ఆఫీసులో ఉద్యోగి. లైల్ ఫైలు కదిలించమని నేను వెళ్ళినప్పుడల్లా 'విచారిస్తున్నాం టీచర్' అన్నది ఈ అమ్మాయే.

"వాషింగ్టన్‌లో కాపిటల్ భవనం మీద మిస్టర్ హాస్టెట్లర్ పేరున ఎగరేసిన జెండా టీచర్. గార్లండ్ గారు పంపారు."

సభ్యులు తమ ఊళ్ళవాళ్ళకు పంపే ఆ జెండాలు సభాభవనం మీద ఎలా ఎగురుతాయో నేను ఏటా పిల్లలకు చెబుతాను. పైకి లాగుతారు, కిందికి దించుతారు, మడిచి డబ్బాలో పెడతారు, మరొకటి తీస్తారు. బావిలో చేద వేసినట్టు పొద్దస్తమానం అదే పని.

"ఇంత త్వరగా ఎలా వచ్చింది?" అన్నాను.

కెల్సీ ముఖం వెలిగింది. "మా డెనీస్ ఉంది కదా టీచర్, జెండాలన్నీ తనే చూస్తుంది. మంగళవారం చెప్పాను. బుధవారం పొద్దున్నే ఎగరేయించి, సాయంత్రానికల్లా పంపించేసింది. చాలా చురుకైన మనిషి."

"లైల్ ఫైలు ఎవరు చూశారు కెల్సీ?"

ఆ అమ్మాయి నేల చూపులు చూసింది. "అది... అది ఒక ప్రక్రియ టీచర్."

గార్లండ్ ప్రూయిట్ మొదటిసారి పోటీ చేసినప్పుడు మా బడికి వచ్చాడు. నా చేతిలోని సుద్దముక్క అడిగి తీసుకుని, 'మూడు సార్లు, ఆ తర్వాత ఇంటికి' అని బోర్డు మీద రాశాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. రెండేళ్ళకోసారి వచ్చే ఆ ఎన్నికల్లో ఇప్పుడు పన్నెండోసారి నిలబడుతున్నాడు. మాట తప్పాడని ఎవరూ అనకుండా, సభ్యులకు పదవీకాల పరిమితి పెట్టాలని సభలో ప్రతిసారీ తనే బిల్లు పెడతాడు. అందులో ఒక వాక్యం ఉంటుంది: ఇప్పటికే ఉన్నవాళ్ళకు ఇది వర్తించదు. ఆ బిల్లు ఏనాడూ చర్చకు రాలేదు. రాదని తెలిసే పెడతాడు.

ఏప్రిల్‌లో అగ్నిమాపక దళం వాళ్ళ పాన్‌కేక్ విందు జరిగింది. ఎన్నికల ఏడాదిలో గార్లండ్ ఏప్రన్ కట్టుకుని పెనం దగ్గర నిలబడతాడు, ఫోటోలు తీసేంతసేపు. నేను జెండా డబ్బా అడుగున టేపు అంటించి, దాని మీద అతని పేరు రాసుకుని వెళ్ళాను.

వరసలో నా ముందు వెర్న్ నిలబడి ఉన్నాడు. లైల్‌తో కలిసి చేపలు పట్టేవాడు.

"పోట్లాడటానికే వచ్చావు కదూ కొరీన్?"

"గిన్నె తిరిగి ఇవ్వడానికి వచ్చాను."

"చూడు, ముసలాడు దొంగే కావచ్చు, కానీ మన దొంగ. వంతెన వేయించాడు. కొత్తవాణ్ణి పంపిస్తే వాడికి అక్కడ బాత్రూమ్ ఎక్కడుందో తెలిసేసరికి రెండేళ్ళు గడిచిపోతాయి."

"ఇతనికి బాత్రూమ్ తెలుసు వెర్న్. ఇంటిదారే మర్చిపోయాడు."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. వెర్న్ సిరప్ సీసా వైపు చూశాడు.

గార్లండ్ నన్ను చూడగానే ముఖం విచారంగా పెట్టాడు. ఆ పని అతనికి బాగా వచ్చు. "కొరీన్! లైల్ సంగతి విని ఎంత బాధపడ్డామో. జెండా అందిందా?"

"అందింది. ఇదిగో. ఎవరి గిన్నె వాళ్ళింటికి చేరాలి కదా."

అతను డబ్బా తిప్పి చూశాడు. తన పేరు చదివాడు. చుట్టూ జనం ఉన్నారు కాబట్టి నవ్వాడు.

"జెండా పంపింది డెనీస్ అని నాకు తెలుసు" అన్నాను. "ఎప్పుడు ఎగరేసిందో కూడా తెలుసు. లైల్ ఫైలు ఎవరు ఆపారో చెప్పండి. ఒక్క పేరు చాలు."

"అక్కడ ఒక మనిషంటూ ఉండడమ్మా. అది వ్యవస్థ. దాంతోనే కదా నేను ఇన్నేళ్ళుగా పోరాడుతున్నాను!"

"నా తరగతిలో కిటికీ పగిలితే వ్యవస్థ పగలగొట్టిందని ఏ పిల్లవాడూ చెప్పడు గార్లండ్. వాళ్ళకు పదేళ్ళే."

పెనం మీద పాన్‌కేక్ మాడింది. కెల్సీ వచ్చి గరిటె అందుకుంది.

"రాసుకో కెల్సీ" అన్నాడతను గట్టిగా, అందరికీ వినబడేలా. "ఇది నేను స్వయంగా చూస్తాను."

కొందరు చప్పట్లు కొట్టారు. వాళ్ళలో వెర్న్ ఉన్నాడు. నా వైపు చూసి ఆపేశాడు, తర్వాత మళ్ళీ కొట్టాడు. కెల్సీ దగ్గర రాసుకోవడానికి ఏమీ లేదు. చేతిలో గరిటె ఉంది.

ఆ ఫైలు ఆపిన మనిషి ఎవరో నాకు తెలియదు. దుర్మార్గుడని కూడా అనుకోను. ఉదయం వచ్చి, కాఫీ తాగి, పేరు లేకుండా పనిచేసి, పేరు లేకుండానే రిటైరయ్యే మనిషి అయి ఉంటాడు. అతన్ని అడగాల్సినవాడు ఇరవై రెండేళ్ళుగా అక్కడే ఉన్నాడు, ఇంకా ఉండాలనుకుంటున్నాడు. ఇంటికి రానక్కరలేని మనిషికి మేమెందుకు గుర్తుంటాం? ఇద్దరూ ఒకరికొకరు అడ్డుపడకుండా హాయిగా బతుకుతున్నారు. మధ్యలో లైల్ ఊపిరాడక చచ్చిపోయాడు.

మేలో పార్టీ అభ్యర్థిని ఎంచుకోవడానికి జరిగిన ఎన్నికలో గార్లండ్ సులభంగా గెలిచాడు. నవంబరులో అసలు ఎన్నికలోనూ గెలుస్తాడని అంటున్నారు.

గిన్నెలన్నీ కడిగి, టేపు మీది పేర్లు చూసి ఎవరివి వాళ్ళకు ఇచ్చేశాను. లైల్ ఫైలు ఎవరు ఆపారో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.