సామ్రాజ్యం కడుపులో పెరిగినదాన్ని

నేను ఒక చిన్న కండను. చిక్కుడుగింజంత ఉంటాను. గర్భసంచి లోపలి పొర మీద పుట్టాను కాబట్టి డాక్టర్లు నన్ను పాలిప్ అంటారు. చీరాలలో అంగన్‌వాడీ టీచరుగా పనిచేసే సామ్రాజ్యం కడుపులో నేను పెరిగాను.

నాది దొంగపుట్టుకేమీ కాదు. ఆ పొర నెలనెలా ఊడిపోయి మళ్ళీ కొత్తగా వస్తుంది. ఊడినచోట శుభ్రం చేసి గాయం మాన్పే పని ఒంటిని కాపాడే రక్షణ కణాలది. పని అయ్యాక అవి వెనక్కి తగ్గాలి. ఒకచోట మాత్రం తగ్గలేదు. ఎప్పటిదో చిన్న వాపు ఆరకుండా ఉండిపోయింది. గాయం ఇంకా మానలేదనుకుని అవి రసాలు వదులుతూనే ఉన్నాయి. ఆ రసాలకు కొత్త రక్తనాళాలు మొలిచాయి, హార్మోన్లు తోడయ్యాయి, నేను లేచాను. హద్దు మీరినదాన్ని చంపాల్సిన ఆ కాపలావాళ్ళు నన్ను తడిమి చూసి, మనదేలే అన్నట్టు వదిలేశారు. వాళ్ళే నా కన్నవాళ్ళనుకున్నాను.

నెల మధ్యలో రక్తం కనిపించేసరికి సామ్రాజ్యం భర్త వీరాంజనేయులుతో కలిసి డాక్టర్ మెహరున్నీసా దగ్గరికి వెళ్ళింది. స్కానింగ్ అయ్యాక ఆమె చీర సర్దుకుని వచ్చేలోపే డాక్టరు ఆయనకు సంగతంతా చెప్పింది. బయటికొచ్చి స్కూటరు తీస్తూ ఆయన అన్నాడు:

"సంచి తీసెయ్యాలంట. లేకపోతే ప్రాణానికే ముప్పంట."

పెళ్ళయి పదేళ్ళు దాటినా పిల్లల్లేరు. ఆశ మాత్రం పోలేదు. ఆ మాటకు ఆమె స్కూటరు వెనక బిగుసుకుపోయింది. ఇంటికి చేరేసరికే అత్తగారు వేరే నర్సింగ్‌హోములో ఆపరేషన్‌కు మాట్లాడి ఉంచింది.

"తీయించేసుకో అమ్మాయ్. చిన్నోడి కొడుకుని పెంచుకుందురుగాని. ఆస్తి ఇంట్లోనే ఉంటది."

మర్నాడు సామ్రాజ్యం అంగన్‌వాడీ పిల్లల్ని ఆయమ్మకు అప్పజెప్పి ఒక్కతే డాక్టరు దగ్గరికి వచ్చింది.

"సంచి తియ్యకుండా ఇంకో దారేం లేదా మేడమ్?"

"సంచి తియ్యటమేంటమ్మా? నేనట్లా అనలేదే! చిన్న కండ పెరిగింది, కెమెరా పెట్టి అదొక్కటే తీసేస్తానన్నా. మీ ఆయనకి విడమర్చి చెప్పాను కదా."

సామ్రాజ్యం బల్లమీది స్కానింగ్ కాగితాన్ని తనవైపు తిప్పుకుంది. దాన్ని చూస్తూ అడిగింది.

"అసలెందుకు పెరిగింది మేడమ్ అది?"

"పూర్తిగా ఎవరికీ తెలీదమ్మా. హార్మోన్లుంటాయి. రోగాలతో పోరాడే కణాలుంటాయి చూడు, ఒక్కోసారి అయ్యే దగ్గరుండి పెంచుతాయని ఇప్పుడంటున్నారు."

"కాపాడాల్సినయ్యేనా?"

"అయ్యే."

సామ్రాజ్యం నవ్వింది. ఆ నవ్వుకు చప్పుడు లేదు.

ఇంటికెళ్ళి భర్తను ఒకటే అడిగింది. "ఎందుకండీ అబద్ధం చెప్పారు?"

"అమ్మ రోజూ పోరుతుంటే..." అన్నాడు ఆయన, గోడకేసి చూస్తూ.

"నా కడుపండీ అది," అంది. బట్టలు సర్దుకుని వేటపాలెంలో అక్క ఝాన్సీ ఇంటికి వెళ్ళిపోయింది.

ఆపరేషన్ రోజు కెమెరా వెలుగులో సన్నని తీగ నా మొదలు చుట్టూ బిగిసింది. నన్ను పెంచినవాళ్ళకేసి చూశాను. నాలో ఇమిడి ఉన్నవాళ్ళు నాతోపాటే తెగారు. మిగతావాళ్ళు ఆ క్షణంలోనే పుండు మాన్పడానికి పరుగెత్తారు. నావైపు ఒక్కరూ తిరిగి చూడలేదు.

తెలివి వచ్చాక సామ్రాజ్యం నన్ను చూస్తానంది. నర్సు నేనున్న మందునీళ్ళ సీసాను చేతికిచ్చింది.

"బయట మీ ఆయన నిలబడ్డాడే. రమ్మనేదా?" అంది ఝాన్సీ.

సామ్రాజ్యం సీసాను వెలుతురుకు ఎత్తి చూసింది.

"వద్దక్కా. ఆయనకన్నా ఇదే నయం. రక్తం చూపించి ఉన్న మాట చెప్పింది."

ఇప్పుడు నేను ల్యాబులో, గాజుపలక మీద పల్చని పొరనై ఉన్నాను. పరీక్ష చేసినాయన క్యాన్సర్ కాదన్నాడు. రంగు వేస్తే నాలో నీలంగా గుంపులు కనిపించాయి. నాతోపాటు తెగిన ఆ కాపలావాళ్ళే. ఒకే పలక మీద, ఒకరినొకరం ఆనుకుని ఉన్నాం.

మా మధ్య మాటల్లేవు.