నీరు నిలిచిన వేళకే పడవ

మొగుడి పేరు పెళ్ళాం నోటితో పలకకూడదంటారు. నేను పలుకుతాను. చిన్నబ్బాయి. పలికితే ఆయుష్షు తగ్గుతుందట. ఆ పని సఖినేటిపల్లి రేవులో జనం చేసి పెడుతూనే ఉన్నారు, మధ్యలో నా నోరు చేసే పాపం ఏముంది?

సొంత పడవ కట్టుకోక ముందు మా ఆయన సుబ్బరాజుగారి పెద్ద పడవ మీద పన్నెండేళ్ళు తెడ్డు వేశాడు. తిట్లు తిన్నాడు. ఒకరోజు జనం ముందు చెంపదెబ్బ కూడా తిన్నాడు. ఆ పూట ఇంటికొచ్చి, "ఇంక ఒకడి కింద చెయ్యలేనే, పెద్దింట్లూ" అని నా పేరు పెట్టి పిలిచి చిన్నపిల్లాడిలా ఏడిచాడు. నా కాళ్ళ కడియాలు తీసిచ్చాను. మా నాన్న కలప ఇచ్చాడు. పడవ నీళ్ళలోకి దిగిన రోజున మా ఆయన దాని మీద నిలబడి, "నా పడవ, నా ఇష్టం. ఆకలేస్తే ఇంటికొస్తాను, నిద్రొస్తే పడుకుంటాను" అన్నాడు. నేను నమ్మాను. నా అంత పిచ్చిది వశిష్ఠ గోదారికి ఈ ఒడ్డునా లేదు, ఆ ఒడ్డునా లేదు.

రెండేళ్ళలో ఆ మనిషి కంచం ముందు కూర్చుని కడుపునిండా తిన్న పూటలు నా వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ముద్ద నోట్లో పెట్టుకునేసరికి అవతల నరసాపురం ఒడ్డు నుంచి ఎవడో ఒకడు కేక వేస్తాడు. కంచం వదిలేసి పరుగు. కన్ను మూతపడేసరికి ఇవతల ఒడ్డున ఇంకొకడు. ఆనకట్ట పనికి పోయే కూలి జనం, చేపల బుట్టలు, పెళ్ళివారు, జ్వరం మందు కావాలన్నవాళ్ళు, ఊరికే అత్తారింటికి పోయొద్దామన్నవాళ్ళు. ఒక్కడికి కూడా ఈయన కాదని చెప్పలేడు. "రేవులో పిలిచినోణ్ణి ఒడ్డున వదిలేస్తే పాపమే" అంటాడు. పడవవాళ్ళ ఇళ్ళలో ఉగ్గుపాలతో పట్టిన మాట అది.

దానికి తోడు మేర. పంట నూర్చినప్పుడు ఇంటికి ఇన్ని కుంచాలని ధాన్యం కొలిచి మాకు ఇస్తారు, ఏడాదంతా ఎక్కిస్తాం. దాంతో ప్రతి ఇంటివాడికీ చిన్నబ్బాయి తన సొంత పాలేరే అయ్యాడు. ఒక రాజుగారిని వదిలించుకుని నూటయాభై మంది రాజులను నెత్తిన పెట్టుకున్నాడు నా మహారాజు.

మాఘమాసంలో ఓ రోజు నడి ఏటిలో తెడ్డు చేతిలో ఉండగానే నిద్రపోయాడు. పడవలో పదిమంది. సముద్రం కేసి నీరు తీసే పాటు లాక్కుపోయి ఇసక తిప్ప మీద పడేసింది. మళ్ళీ పోటు ఎక్కి పడవ తేలేదాకా అందరూ అక్కడే ఎండలో కూర్చున్నారు. కూర్చున్నంతసేపూ ఈయన్ని తిట్టారు. ఈయన చేతులు కట్టుకుని "ఆయ్, తప్పేనండి" అంటూ నిలబడ్డాడట. ఎవరూ చచ్చిపోలేదు. కాని ఇంకోసారి ఇలా అయితే రేవులో మా పడవ ఉండదు, ఈయన మళ్ళీ సుబ్బరాజుగారి ముందు తెడ్డు పట్టుకుని నిలబడాలి. అది నాకు ఆ పూటే తెలిసిపోయింది. నాకు కావలసింది ఒక్కటే, ఆ పడవ మాది కావాలి, మాదిగానే ఉండాలి.

మర్నాడు రెండు తెడ్లూ ఇంట్లోకి తెచ్చి అటక మీద పెట్టాను.

"పిచ్చెక్కిందా నీకు?" అన్నాడు.

"ఎక్కింది మావా. ఇన్నాళ్ళకి ఎక్కింది. పగటికి రెండే వేళలు. పోటు నిండి నీరు నిలిచినప్పుడు ఒకసారి పోయి వస్తావు. పాటు తీసి నీరు నిలిచినప్పుడు ఇంకోసారి. నిలిచిన నీటి మీద పసిపిల్లాడు కూడా పడవ నడుపుతాడు. మిగతా పొద్దు నీది. తిను, పడుకో, వల అల్లుకో, నా మొహం చూస్తూ కూర్చో."

"ఊరు ఊరుకోదే."

"ఊరికి నేను చెప్తాను. నువ్వు నోరు మూసుకుంటే చాలు."

నీరు నిలిచే వేళ ఒక్కచోట ఉండదు, రోజుకి రెండు ఘడియలు ఆలస్యమవుతుంది. అందుకని రేవులో వెదురు పాతి, పడవ కదిలే ముందు నా పాత ఎర్రకోక ముక్క దానికి కట్టేదాన్ని. గుడ్డ ఎగిరితే పడవ ఉంది. లేకపోతే లేదు. ఇందులో అర్థం కానిది ఏముంది? దూరపు ఇళ్ళవాళ్ళకి కూడా నేనే పోయి చెప్పి వచ్చాను, నిన్నటికీ ఇవాళ్టికీ రెండు ఘడియలు కలుపుకోండి అని.

అబ్బో, ఇంక చూడాలి. మొదటి రోజే చేపల బుల్లెమ్మ బుట్ట నా గుమ్మంలో దించింది.

"చేప నీ వేళ చూసుకుని కుళ్ళదే, పెద్దింట్లూ!"

"నా మొగుడు నీ చేప కోసం చావడే, బుల్లెమ్మా!"

ఇద్దరం రేవంతా వినబడేలా అరుచుకున్నాం. కరణంగారి మనిషి వచ్చి బెదిరించాడు. మేర ఆపేస్తామన్నారు. నా పుట్టింటిని, నా నడవడిని, కడుపు పండని నా రాతని, అన్నింటినీ తవ్విపోశారు. నేనూ తక్కువ తినలేదు, ఒక్కొక్కరికీ బాకీ లేకుండా తిరిగి ఇచ్చాను. నాకు ఒళ్ళు మండింది ఇంకొకందుకు. సుబ్బరాజుగారి పడవ పొద్దు పొడిచాక ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, దీపాల వేళ ముందు ఒకసారి పోతుంది. అంతే. తప్పినవాళ్ళు చెట్టు కింద కూర్చుంటారు, డబ్బిచ్చి మరీ కూర్చుంటారు. ఒక్కడైనా నోరెత్తాడా? రాజుగారు వేళ పెడితే కట్టుబాటు. పెద్దింట్లమ్మ పెడితే పొగరు.

మా ఆయన సంగతి చెప్పనా? వేళ కాని వేళ ఇంట్లో చాప మీద పడుకోబెడితే కళ్ళు తెరుచుకుని పడుకునేవాడు. అవతల కేక వినబడితే లేచి కూర్చునేవాడు. నేను గుమ్మానికి అడ్డంగా కూర్చునేదాన్ని. అయినా రెండు నెలల్లో మనిషి ఒంటికి కాస్త కండ పట్టింది. గట్టిగా నిలబడితే జనం దారికొస్తారనే అనుకున్నాను.

అప్పుడొచ్చింది గౌరీశంకర శాస్త్రిగారి తద్దినం.

శాస్త్రిగారు వేదం చదువుకున్న మనిషి. వాళ్ళ అగ్రహారం రేవుకి కోసెడు దూరం. నాన్నగారి తద్దినం పంచమినాడు, నరసాపురానికి ఆవల రెండు కోసుల దూరంలో అన్నగారింట్లో పెడతారు. ఏటా పోతారు. ఈసారి తదియనాడు నేను పనిగట్టుకుని వాళ్ళ వీధి అరుగు కిందకి పోయి, దూరంగా నిలబడి చెప్పాను. "ఇవాళ పొద్దు పొడిచిన ఒక ఘడియకి నీరు నిలిచిందండి. రోజుకి రెండు ఘడియలు కలుపుకోండి. ముందు మనిషిని పంపి గుడ్డ చూసుకుంటే మంచిదండి."

ఆయన నవ్వారు. "నీ గుడ్డ చూసి నేను బయలుదేరాలా? చంద్రుడి వల్లే కదుటే పోటూ పాటూనూ. తిథి నాకు నువ్వు చెప్పాలా?" అన్నారు. తదియకి ఒకటి, చవితికి మూడు, పంచమికి అయిదు అని అక్కడే వేళ్ళ మీద లెక్కకట్టేశారు. నేను దణ్ణం పెట్టి వచ్చేశాను.

తీరా చూస్తే ఆ పక్షంలో చవితి క్షయమైంది. తదియనాడు పొద్దు పొడిచాక మొదలై, మర్నాడు పొద్దు పొడిచేలోపే అయిపోయింది. అంటే తదియ మర్నాడే పంచమి. పంచాంగంలో అది చూసుకుని తద్దినానికి సరిగ్గా ఆ రోజే బయలుదేరారు. అంత పండితుడు! వేళ మాత్రం పంచమికి అయిదు అన్న లెక్కనే పట్టుకున్నారు. తిథులు రెండు జరిగాయి, రోజు ఒక్కటే జరిగింది. గోదారికి పంచాంగం చదవడం రాదు. అది మూడో ఘడియకే నిలిచింది. గుడ్డ కట్టాను, పడవ పోయింది, వచ్చింది, గుడ్డ విప్పేశాను. తెడ్లు అటకెక్కాయి. సుబ్బరాజుగారి పడవ పొద్దున్నే అవతలికి పోయి అక్కడే ఉంది.

అయిదో ఘడియకి శాస్త్రిగారు మడిబట్టల మూట పట్టుకుని, చెమటలు కక్కుతూ రేవులోకి దిగారు. పోటు అప్పటికి నురగలు తొక్కుతూ లోపలికి వస్తోంది.

"పడవ తియ్యమను!"

"వేళ దాటిపోయిందండి. మధ్యాహ్నం నీరు నిలిచాక తీస్తాం."

"మధ్యాహ్నమేమిటే! అక్కడ తద్దినం అయిపోతుంది. నేను సరిగ్గా లెక్కకే వచ్చేను!"

"లెక్క మీదండి. నీరు నాది కాదండి."

నిజమే, ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆయన మొహం తెల్లబోయింది. అంత పెద్దమనిషి ఒడ్డున బురదలో కూలబడి, "నాన్నగారూ" అన్నారు. ఆ క్షణాన నాకూ గుండె కలుక్కుమంది, అబద్ధం చెప్పను. కాని ఇసక తిప్ప మీద పదిమంది నా కళ్ళలో మెదిలారు. నేను కదల్లేదు.

మా ఆయన ఇంట్లోకి పరిగెత్తి అటకకేసి చేతులు చాపాడు. నేను అడ్డం నిలబడ్డాను.

"ఒక్కసారికి పెద్దింట్లూ. నీ కాళ్ళు పట్టుకుంటాను. బ్రాహ్మడి తండ్రి తద్దినమే!"

"ఇవాళ తద్దినం. రేపు పెళ్ళి. ఎల్లుండి బుల్లెమ్మ చేప. ఒక్కసారి అన్నది ఎక్కడ ఆగుతుంది మావా?"

నన్ను తోసెయ్యగల బలం ఉన్నవాడే. తొయ్యలేదు. గోడకి తల ఆనించుకుని నిలబడిపోయాడు.

ఆ సాయంత్రానికే అగ్రహారంలో కట్టు పెట్టారు, మా పడవ ఎక్కకూడదు, మేర కొలవకూడదు అని. మిగతా ఊరు అగ్రహారాన్ని చూసి అదే చేసింది. ఎర్రగుడ్డ ఎగిరేది, రేవులో కాకి కూడా ఉండేది కాదు. అయిదో రోజున నేను నీళ్ళకి పోయి వచ్చేసరికి చాప ఖాళీగా ఉంది. సుబ్బరాజుగారి పడవ మీద నా మొగుడు తెడ్డు వేస్తున్నాడు, ముందు వరసలో.

నేను రేవుకి పోలేదు. అరవలేదు. ఎవరైనా నమ్ముతారా?

పొద్దు గూకగానే ఇంటికి వచ్చాడు. కాళ్ళు కడుక్కుని, కూర్చుని, రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నాడు. పడుకుని తెల్లారేదాకా గురకపెట్టాడు. మర్నాడూ అంతే. వారం రోజులు అంతే. నేను రెండు నెలలు గుమ్మానికి అడ్డం కూర్చుని ఇప్పించలేని నిద్ర, చెంపదెబ్బ కొట్టినవాడి దగ్గర వారంలో దొరికింది ఆ మనిషికి. నాకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, ఏది ముందు వచ్చిందో తెలియదు.

ఎనిమిదో రోజు అన్నం తింటూ, తల ఎత్తకుండా చెప్పాడు. "రాజుగారు మన పడవ కొంటామన్నారు. వచ్చే దశమినాడు మనుషుల్ని పంపుతారంట."

"దీపాల వేళయ్యాక అవతల ఒడ్డున జనం పిలవట్లేదా మావా?"

"పిలుస్తారు."

"మరి పాపం కాదా?"

"పడవ తియ్యొద్దన్నది రాజుగారు. ఆ పాపం ఆయనది."

"ఇక్కడ వద్దన్నది నేను. ఊరు ఊరంతా నన్నే తిట్టింది. ఆ పాపం నాది కాదా? నీకు నిద్రెందుకు పట్టలేదు?"

అప్పుడు తల ఎత్తాడు. "నువ్వు నా పెళ్ళానివే. నీ పాపంలో సగం నాది" అన్నాడు.

ఎంత మెత్తగా అన్నాడో. ఇంకో ఆడదైతే ఆ మాటకి కరిగి కాళ్ళ మీద పడేది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నాతో పంచుకోవాల్సిన సగం బరువు మొయ్యలేక, నన్నూ పడవనీ కలిపి రాజుగారికి అప్పజెప్పి వచ్చాడు.

"పాపంలో సగం నీదైతే పడవలో సగం నాది. నా కడియాలు, మా నాన్న కలప. నా సగం అమ్మను."

"సగం పడవ ఎవరు కొంటారే? రాజుగారికి ఏం చెప్పమంటావు?"

"దశమికి వచ్చేటప్పుడు రంపం తెచ్చుకోమని చెప్పు. నీ సగం కోసుకుని పట్టుకుపొమ్మను."

మర్నాడు నీరు నిలిచే వేళకి తెడ్లు నేనే దించుకుని రేవుకి పోయాను. బుల్లెమ్మ బుట్టతో వచ్చి, నన్ను నోటికొచ్చినట్టు తిట్టి, పడవ ఎక్కి కూర్చుంది.