సున్నపు తట్ట

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోరు ఒక కొంప ముంచింది.

ఆవని ఊరి చుట్టుపక్కల పల్లెల్లో క్షయరోగాన్ని ముందే కనిపెట్టే పని నాది. నా చేతిలోని ఫోను మనిషి దగ్గు విని, అనుమానముంటే ఎర్రగీత చూపిస్తుంది. రోగం ఉందో లేదో తేల్చేది తెమడ పరీక్షే. నేత్రావతికి ఆ పరీక్షలోనూ రోగం తేలింది. ఇరవై నాలుగేళ్ల పిల్ల. మొగుడు తమక అనే ఊళ్లో ఏదో ఫ్యాక్టరీలో పని చేస్తాడు, ఆమె అత్తమామల దగ్గర పట్టుపురుగులు సాకుతుంది.

మామ పిల్లప్పకు ఆయనకు తెలిసిన సంగతితోనే చెప్పాను.

"అప్పా, తట్టలో ఒక పురుగు రోగాన్ని మొదట్లోనే కనిపెడితే మిగతావి బతుకుతాయి కదా? ఇదీ అట్లే."

"అర్థమాయెనమ్మా" అన్నాడు నెమ్మదిగా. తెలివైన మనిషని మురిసిపోయాను, బుద్ధిలేనిదాన్ని.

రోగం తేలిన పురుగుకు పట్టురైతు మందు వేయడు. ఏరి, సున్నం పోసి, తగలబెడతాడు.

మర్నాడు పొద్దున మాత్రలు తీసుకుని పోయేసరికి వాకిట్లో మంట. నేత్రావతి చాప, దిండు, చీరలు కాలుతున్నాయి. పిల్లప్ప ఆమెను జుట్టు పట్టి బయటికి ఈడుస్తూ, పురుగుల మీద చల్లే సున్నప్పొడిని గుప్పెట్లతో ముఖాన కొడుతున్నాడు.

"కండ్లు మామా, కండ్లు!"

అడ్డం పోయిన నన్ను మల్బరీ కట్టెతో కొట్టాడు. పెదవి చిట్లి నోరంతా రక్తమైంది.

"నువ్వే కదా చెప్పినావు! రోగమొచ్చిన పురుగుని పెట్టుకోని మేమంతా యాడ సావల్ల?"

"ఆరు నెలలు మాత్రలు మింగితే నయమైపోతాదప్పా!"

వినలేదు. మళ్లీ కట్టె ఎత్తాడు. వాడు చావాలనిపించింది నాకు, దాచేదేముంది. అంతలో పొగ గొంతుకు అడ్డం పడి వంగి దగ్గాడు. ఫోను తీసి వాడి మూతికి పెట్టాను. ఎర్రగీత వచ్చింది.

అత్త చిన్నవెంకటమ్మ కోడలి కళ్లలో బిందెతో నీళ్లు పోస్తూ ఉంది. ఆమెకు ఫోను చూపించాను. పొగదగ్గుకూ ఆ గీత వస్తుందని, పరీక్ష చేస్తేగానీ తేలదని చెప్పాల్సింది. చెప్పలేదు.

"ఓహో, పురుగు ఈడుండాదా" అంది ఆమె. బిందె దించి, సున్నపు తట్ట ఎత్తి మొగుడి ముఖాన కుమ్మరించింది. వాడు కింద పడి పొర్లుతుంటే అదే కట్టెతో వీపు మీద, చేతుల మీద కొట్టింది. ముప్పై ఏళ్లుగా తిన్న దెబ్బలన్నీ తిరిగి ఇచ్చింది. నేను పట్టుకోలేదు.

నేత్రావతి రోజూ మాత్ర మింగుతోంది, దగ్గు తగ్గింది. పిల్లప్ప తెమడ పరీక్ష ఫలితం శుక్రవారం వచ్చింది. రోగం లేదు.

సున్నానికి ఆయన కుడికన్ను పోయింది. బిందెలో ఇంకా సగం నీళ్లున్నాయి ఆ రోజు. ఆయనకు ఎవరమూ పోయలేదు.