ఆరు రోజుల కుట్టు, ఒక్క స్నానం

"ఆ మిషన్‌కి మోటారు పీకేయ్. మునుపటిలా కాలితో తొక్కుకో, లేకపోతే మానేయ్," అన్నారు మా ఆయన, కరెంటు బిల్లు నా ముందు పడేసి. అప్పుడు నేను ఆయన చొక్కానే ఇస్త్రీ చేస్తున్నాను. "పొద్దస్తమానం గిర్రున తిరుగుతుంటే కరెంటు తాగదూ మరి!" అని అత్తయ్య వంత పాడారు.

ఇద్దరు పిల్లల్ని కన్నాక మోకాళ్ళు మొరాయిస్తే, నా కుట్టుపని మీద వచ్చిన దాంతోనే ఆ మోటారు కొనుక్కున్నాను. ఇంట్లో రోజంతా గట్టిగా చప్పుడు చేసేది అదొక్కటే కాబట్టి దొంగ కూడా అదే అయింది. ఆ మాటకి ఏడుపు రావాల్సింది. విచిత్రంగా, పదో తరగతి సైన్సు పాఠం గుర్తొచ్చింది. వాట్లని గంటలతో గుణించి వెయ్యితో భాగిస్తే యూనిట్లు. పరీక్ష అయిపోయాక ఇన్నేళ్ళూ దాంతో నాకు పని పడలేదు.

మర్నాడు అందరూ వెళ్ళాక, కొలతలు రాసుకునే పుస్తకం పట్టుకుని ఫ్రిజ్ వెనకా, మిక్సీ కిందా, గీజరు పక్కనా అంటించిన చీటీలన్నీ చదివాను. నా మోటారు వంద వాట్లు. గీజరు రెండు వేలు! కానీ గీజరు లైటు వెలుగుతూ ఆరుతూ ఉంటుంది, గంటలు ఎలా లెక్కెయ్యడం? అందుకని మీటరునే నమ్ముకున్నాను. మిగతావన్నీ ఆపేసి, ఒక్కొక్కటే వేసి, మెట్లు దిగి అంకె రాసుకుని మళ్ళీ ఎక్కడం. నాలుగు రోజులు అదే పని.

"ఏం వదినా, మీటరుతో కబుర్లా?" అంది కింది వాటా ఆవిడ.

"అది అబద్ధం చెప్పదు కదా," అన్నాను. ఇద్దరం పగలబడి నవ్వుకున్నాం.

ఆదివారం భోజనాలయ్యాక పుస్తకం ఆయన ముందు పెట్టాను. "నా మిషన్ రోజంతా తిరిగితే అర యూనిట్. మీరు పొద్దున్నే గీజరు వేసి, పేపరంతా చదివి, అరగంట వేన్నీళ్ళు పోసుకుంటే మూడు యూనిట్లు. నేను ఆరు రోజులు కుట్టే కరెంటు మీ ఒక్క స్నానానికి సరి."

అత్తయ్య టీవీ గొంతు తగ్గించారు.

"ఎక్కడో తప్పేసుంటావ్," అన్నారాయన.

"అయితే రండి, మీరే చూడండి."

వచ్చారు. మిగతావన్నీ ఆపేసి నేను పైన గంటసేపు గౌను కుడితే ఆయన కింద మీటరు చూశారు. చుక్క తర్వాత ఉండే చివరి అంకె ఒక్కటే, ఒక్కసారే మారింది. మర్నాడు తన స్నానానికి ముందొకసారి, తర్వాత తలైనా తుడుచుకోకుండా ఇంకోసారి దిగి చూసుకున్నారు. పైకొచ్చి నా పుస్తకంలో లెక్కంతా మళ్ళీ గుణించారు. ఒక్క అంకె కూడా దిద్దలేకపోయారు. ఆ పేజీ చూస్తుంటే నాకు ఛాతీ నిండా గాలి పీల్చుకున్నట్టుంది.

చివరికి పుస్తకం మూసి, పెద్ద మనసు చేసుకున్నట్టు, "సరేలే, కుట్టుకో," అన్నారు.

నేను సూదిలో దారం ఎక్కిస్తూ అన్నాను: "కుట్టుకోనా అని మిమ్మల్ని అడగలేదండీ, లెక్క చెప్పానంతే."