ఆమె పేరుతో లోపలికి వచ్చినవాళ్లు

అమ్మ పోయిన రోజు కూడా వచ్చినవాళ్లకు కాఫీ ఆమే పెట్టింది. చక్కెర తక్కువైందని అత్తగారు ఒక కప్పు వెనక్కి పంపారు. అందులో చక్కెర కలుపుతుంటే గట్టుమీదున్న ఆమె ఫోను మోగింది, ఆఫీసునుంచి. భర్త వచ్చి తీసుకున్నాడు. "ఆవిడ మాట్లాడే స్థితిలో లేదు సార్, నేను చెప్తాను" అంటూ బాల్కనీలోకి వెళ్లాడు. ఈ ఒక్క పూటకైనా అడ్డుపడ్డాడని ఆమె మనసులోనే మెచ్చుకుంది.

ఆమె ఉద్యోగం ఏమిటో ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. "కంప్యూటర్లు చూసుకుంటుంది" అంటారు, పిల్లుల్ని చూసుకుంటుందన్నట్టు. ఆమె పనిచేసే సంస్థలో ఒక పెద్ద సర్వర్ ఉంది. కొన్ని చిన్న కంపెనీలు దాన్ని పంచుకుంటాయి. వాటి గుమాస్తాలు ఎక్కడో తమ ఆఫీసుల్లో కూర్చుని జీతాలూ బిల్లులూ రాసుకుంటారు. ప్రోగ్రాం నడిచేది మాత్రం ఈ సర్వర్ మీద. వాళ్ల తెరమీదికి వెళ్లేది దాని బొమ్మే. ఒకే ఇంట్లో అద్దెకున్న సంసారాల్లాంటివి ఆ కంపెనీలు. ఒకరి వంట ఏమిటో ఇంకొకరికి తెలియకూడదు. మధ్య గోడల్ని కనిపెట్టుకుని ఉండడం ఆమె పని. అన్నీ సవ్యంగా ఉన్నంతకాలం అలాంటి పనొకటి ఉందనే ఎవరికీ తోచదు. ఇంటిపనీ అంతే కాబట్టి ఆమెకది కొత్త కాదు.

సెలవు ముగించుకుని వెళ్లిన రోజు మందుల కంపెనీ గుమాస్తా ఫోన్ చేశాడు.

"మేడమ్, ఫైలు ఎక్కడ దాచాలో వెతుకుతుంటే ఎవరివో జీతాలు తెరుచుకున్నాయండి. బట్టల కంపెనీవాళ్లవి. వాళ్ల వాచ్‌మన్‌కి నాకంటే ఎక్కువిస్తున్నారు. నన్ను అక్కడికి మార్పించకూడదూ?"

అతను నవ్వాడు. ఆమె వెంటనే సర్వర్ హక్కుల పట్టిక తెరిచింది. గుమాస్తాలందరికీ సర్వర్ అంతటా తిరిగే హక్కులు ఇచ్చేసి ఉన్నాయి. ఇచ్చింది ఎవరంటే, ఆమె. అమ్మ పోయిన రోజు, కాఫీలు కలుపుతున్న వేళ, ఆమె పేరుతో.

సాయంత్రం భర్తను అడిగితే దాచలేదు. పైగా గొప్పగా చెప్పాడు.

"మీ మేనేజరు పాపం కంగారుపడుతున్నాడు, ఎవరికో ప్రింట్లు రావట్లేదని. నీ పాస్‌వర్డ్ చెప్పాను. నీ ఫోనుకొచ్చిన ఓటీపీ నంబరు కూడా చదివాను. నిన్ను లేపకుండా పని కానిచ్చాను కదా."

"అప్పుడు నేను పడుకుని లేను. కాఫీ పెడుతున్నాను."

"అబ్బ, ఇప్పుడు దాన్ని పట్టుకోకు. మొగుడూ పెళ్లాల మధ్య తాళాలేమిటి?"

అత్తగారు సోఫాలోంచి అందుకున్నారు. "మా రోజుల్లో మాకు బీరువా తాళం కూడా ఉండేది కాదమ్మాయ్. హాయిగా ఉన్నాం."

ఆమె బ్యాగులో ఎవరైనా చెయ్యి పెట్టవచ్చు. ఆమె ఫోను ఎవరైనా తీయవచ్చు. స్నానానికి వెళ్తే తలుపు బయటినుంచి పిలుపులు ఆగవు. పెళ్లయిన కొత్తలో అది చనువనుకుంది, తర్వాత ప్రేమనుకుంది, ఆ తర్వాత అనుకోవడం మానేసింది. అమ్మ ఒక్కతే వేరు. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడు కూడా గదిలోకి వచ్చేముందు అమ్మ తలుపుమీద వేలితో తట్టేది. నాన్న నవ్వేవాడు, "కలెక్టరుగారి ఆఫీసా?" అని. "లోపల మనిషుంది కదండీ" అనేది అమ్మ. ఆ మనిషి ఉందని గుర్తుపెట్టుకున్న చివరి మనిషి వెళ్లిపోయింది.

మర్నాడు మేనేజరు గదిలోకి పిలిచి, తలుపు వేసి, గొంతు తగ్గించాడు.

"బట్టల కంపెనీకి తెలిసిపోయిందమ్మా. సంజాయిషీ అడుగుతున్నారు. మీ పేరుతోనే ఉంది కాబట్టి, ఏడుస్తూ ఏదో నొక్కేశానని ఒక్క ముక్క రాసిచ్చేయండి. తల్లి పోయిన ఆడమనిషిని ఎవరేమంటారు?"

"ప్రింట్లు రావాలని అందరికీ హక్కులిచ్చి నొక్కింది మీరు కదా, సార్."

"నేనని రాస్తే సంస్థ పరువు పోతుంది. మీరని రాస్తే జాలి పడతారు. మీవారితో కూడా మాట్లాడాను, ఆయనకేం అభ్యంతరం లేదట."

ఆమె కుర్చీలోంచి లేచింది.

"నా పాస్‌వర్డ్ ఆయనకు తెలియడం నా పొరపాటు. అది రాస్తాను. దాన్ని మీరు వాడుకోవడం మీది. అదీ రాస్తాను. మా అమ్మ గురించి మాత్రం ఆ కాగితంలో ఒక్క అక్షరం ఉండదు."

తన బల్ల దగ్గరికి వచ్చి ముందు సర్వర్ ఆపేసింది. పట్టపగలు, అందరూ పనిలో ఉండగా. ఫోన్లు ఒకేసారి మోగాయి. మేనేజరు గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చి, "ఎవర్నడిగి ఆపారు?" అన్నాడు. "గోడలు లేవు సార్. ఎవర్నడగాలి?" అంది తలెత్తకుండా. అన్ని కంపెనీలకూ ఒకే ఉత్తరం పంపింది: ఎవరి పేరుతో, ఎవరు లోపలికి వచ్చారు, ఏమి మార్చారు, ఎవరిది ఎవరికి కనపడింది. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. ఉన్నంతసేపు ఈ పని తనది. ఇకమీదట ఒక్కో కంపెనీకి దాని గది దానికే ఉండేలా, గోడల్ని మొదటినుంచి కట్టడం మొదలుపెట్టింది.

ఆమె ఇల్లు చేరేసరికి భర్త గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

"మీ మేనేజరు మళ్లీ ఫోన్ చేశాడు. పాస్‌వర్డ్ మార్చావట. కొత్తదేంటి?"

"చెప్పను."

"నాక్కూడానా?"

"మీక్కూడా."

అత్తగారు టీవీ గొంతు తగ్గించారు. ఆమె చెప్పులు విప్పి, గదిలోకి వెళ్లి, తలుపు దగ్గరగా వేసుకుని కూర్చుంది.

మందుల కంపెనీ గోడ పూర్తయింది. బట్టల కంపెనీది రేపు కట్టాలి. అమ్మ కోసం ఆమె ఇంకా ఏడవలేదు.