చిల్లు పడ్డ పేపరు

పొద్దున్నే వచ్చిన పేపరు వాసన. ఆరీ ఆరని సిరా. గ్రంథాలయం కిటికీలోంచి పలచని ఎండ...

ఆ ఎండ పేపరు మధ్యలోంచి దూరి బల్ల మీద పడుతోంది — నలుచదరంగా.

వార్త ఉండాల్సిన చోట చిల్లు.

కొన్నాళ్లుగా ఇంతే. చదివేవాళ్లు చూస్తారు. పేజీ తిప్పేస్తారు. ఎవరూ అడగరు.

ఆ రోజు లైబ్రేరియన్ చెల్లెలు వచ్చింది. బట్టలు కుట్టి బతికే మనిషి. పేపరు కోసం రాలేదు — చిన్న పనుందని అన్న పట్టుకెళ్లిన కత్తెర కోసం వచ్చింది.

కత్తెర అతని చేతిలోనే ఉంది. దాని నోట్లో మరో పేపరు.

"నా కత్తెరతోనా అన్నయ్యా?"

"మెల్లగా మాట్లాడమ్మా. మున్సిపల్ చైర్మన్ గారి మనిషి ఫోన్ చేస్తాడు... ఏ వార్త ఉండకూడదో చెప్తాడు."

"ఏది ఉండకూడదట?"

అతను తల దించుకున్నాడు.

"నీళ్ల సంగతి."

నీళ్లు.

ఆమె కూతురు ఆసుపత్రిలో ఉంది. వాంతులు, తగ్గని జ్వరం. కుళాయి కింద బిందె పెట్టింది ఆమే. తల నిమురుతూ తాగించిందీ ఆమే... ఇంకో గుక్క, ఇంకో గుక్క అంటూ.

"నీకు తెలుసు. తెలిసే ఊరుకున్నావు! మేనకోడలు మంచం పడితే పళ్లు పట్టుకొచ్చావే — ఆ నీళ్లు పట్టొద్దని ఒక్క ముక్క చెప్పడానికి నోరు రాలేదా?"

"ఉద్యోగం పోతుందే..."

"పోనీ! గ్రంథాలయం అందరిదీ అని గోడ మీద రాశారుగా. అందరికీ చిల్లు చూపించడానికా?"

పేపర్లు చదువుతున్నవాళ్లు తలలెత్తారు.

వాళ్లలో ఒక రిటైరైన బస్సు డ్రైవరు లేచాడు. పేపరు ఎత్తి పట్టుకున్నాడు. చిల్లులోంచి అతని కన్ను కనిపించింది — ఎర్రగా.

"కత్తిరించే ముందు చదివే ఉంటారు కదా సార్. చెప్పండి."

లైబ్రేరియన్ చెల్లెలి వంక చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. జాలీ పడలేదు.

"మురుగు... మంచినీళ్ల పైపులో కలుస్తోంది. ఆఫీసులో అందరికీ తెలుసు. ఎన్నికలయ్యేదాకా బయటికి రాకూడదని..."

"గట్టిగా!" వెనక నుంచి ఎవరో అరిచారు.

గట్టిగా చెప్పాడు. బల్ల మీద ఫోన్ మోగింది. మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు.

కుర్చీలు దగ్గరికి జరిగాయి, నేలను గీరుకుంటూ.

ఆమె కత్తెర లాక్కుంది. వెళ్లిపోలేదు. గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"నిన్నటిది చెప్పు," అంది. "తర్వాత మొన్నటిది. ఒక్కటీ వదలొద్దు."